మా నాయనకి పాదాలే ముందు ఎందుకు మొద్దుబారాయి? (పాప నాడీకణం బొమ్మ దగ్గర మొదలైన డౌటు)

కావలి కాలువగట్టు
అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా నాయనకి 64 ఏళ్లు, షుగరు వచ్చి పద్నాలుగేళ్లయింది. మొన్న ఆదివారం సాయంత్రం అంగడికి పోయొచ్చి గడపలో కాళ్లు కడుక్కుంటా ఉంటే మా పాప చూసి "తాతా నీ ఎడం చెప్పు యాడ?" అనింది. చూస్తే ఒక్క కాలికే చెప్పుంది. ఇంకోటి రోడ్డు మీద యాడో ఊడిపోయింది, ఆయనకి తెలీనే తెలీదు, అర కిలోమీటరు ఒట్టి కాలితో నడిచొచ్చాడు. పాదం తిప్పి చూస్తే మడమ దగ్గర తుమ్మముల్లు సగం విరిగి లోపలుంది. నేను పిన్నీసుతో తీస్తా ఉంటే నాయన పేపరు చదువుకుంటా ఉన్నాడు, అబ్బా అని కూడా అనలా. ఆ ముల్లు కంటే ఆయన అట్టా నిమ్మళంగా కూర్చోవడం చూసి నాకు భయమేసింది.

పాప పదో తరగతి. అదే వారం దానికి క్లాసులో నాడీకణం బొమ్మ వేయించారు, కణదేహం, డెండ్రైట్లు (కబురు అందుకునే కొమ్మలు), ఆక్సాన్ (కబురు మోసుకుపోయే పొడుగు తోక), మయలిన్ (దాని మీది తొడుగు) అన్నీ గుర్తించింది. ఇప్పుడు నన్ను అడుగుతా ఉంది, "షుగరు రక్తంలో ఒళ్లంతా ఉంటది గదా నాన్నా, చేతులు బానే ఉండి పాదాలే ఎందుకు పోయినాయి? ఈ బొమ్మలో యాడ చెడిపోయింది?" అని. నాకు తెలీదు. తెలిసినోళ్లు చెప్పండి, పాపకే చూపిస్తాను.

ఒంగోలు గిత్త
అన్నా ముందు డాక్టరుకి చూపించు. షుగరు ఉన్నోళ్లకి ఇంట్లో పిన్నీసుతో ముల్లు తీయొద్దు, చీము పట్టినా వాళ్లకి నొప్పి తెలీదు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

పొదలకూరు నిమ్మతోట
మా పెదనాయనకి కూడా ఇదే. నరాల్లో రక్తం సరిగ్గా ఆడకపోతే నరాలు ఎండిపోతాయంట. ఆయన కాళ్ల మీద నీలంగా నరాలు ఉబ్బి కనపడతా ఉంటాయి చూడండి, అవే.

కోవూరు సైన్స్ మాస్టారు
నిమ్మతోట తమ్ముడూ, నువ్వు తప్పు మాట్లాడావని కాదు, మన మాటే మనల్ని తికమక పెడతా ఉంది. మనం అన్నిటికీ నరమే అంటాం. చేతి మీద నీలంగా కనపడేది నరం, సూది వేస్తే "నరానికి వేశారు" అంటాం, మెడ పట్టేస్తే నరం పట్టింది అంటాం. వీటిలో మొదటి రెండూ రక్తం పోయే సిరలు, మూడోది చాలాసార్లు కండరం. కాళ్ల మీద ఉబ్బి కనపడేవీ సిరలే. అసలు నాడి బయటికి నీలంగా కనపడదు, లోపల తెల్లగా దారాల కట్టలా ఉంటది, ఒక్కో కట్టలో వేల దారాలు, ఒక్కో దారం ఒక్కో నాడీకణం తాలూకు ఆక్సాన్. అయితే నువ్వన్న రక్తం మాటలో నిజముంది, ఆ కట్టలకి తిండి పెట్టే సన్న రక్తనాళాల్ని షుగరు పాడుచేస్తది, దాని దగ్గరికి వస్తాను.

ఇంక పాప ప్రశ్న. అమ్మా, నీ బొమ్మలో ఒక్కటే తప్పుంది, అది నీ తప్పు కాదు, పుస్తకంలోనే అట్టా ఉంటది. పేజీలో పట్టాలి గాబట్టి ఆక్సాన్ని నాలుగు అంగుళాలకి కుదించేశారు. దాన్ని దాని కొలతల్లో ఊహించు. పెద్ద నాడీకణం కణదేహం సుమారు 0.05 మిల్లీమీటరు అనుకుందాం. నడుం దగ్గర మొదలై కాలి బొటనవేలి దాకా పోయే ఆక్సాన్ దగ్గర దగ్గర మీటరు పొడవు. కణదేహాన్ని మన పొదలకూరు నిమ్మకాయ అంత, అంటే నాలుగు సెంటీమీటర్లు చేశామనుకో, దాని ఆక్సాన్ 800 మీటర్లు పోవాల! మందం మాత్రం బావి మోకు కంటే తక్కువే, ఎనిమిది మిల్లీమీటర్లు. నిమ్మకాయ ఇక్కడ పెట్టి మోకు పట్టుకుని నడిస్తే ముప్పావు కిలోమీటరు దాటి పోతావు, అంతా ఒకటే కణం.

ఇప్పుడు అసలు సంగతి. కేంద్రకం యాడుంది? నిమ్మకాయలో. నిస్సల్ కణికలు అని చుక్కలు పెట్టావు గదా, ప్రొటీన్లు తయారయ్యేది వాటి దగ్గరే, అవీ నిమ్మకాయలోనే. ఆక్సాన్లో నిస్సల్ కణికలు ఉండవు. అంటే 800 మీటర్ల అవతల మోకు చివర్లో ఏది అరిగిపోయినా దాదాపు సరుకంతా నిమ్మకాయ దగ్గర తయారై ప్రయాణం చేసి పోవాల్సిందే. ఆక్సాన్ లోపల సన్న గొట్టాలుంటాయి, సూక్ష్మనాళికలు అంటారు, వాటి మీద కైనెసిన్ అనే ప్రొటీను మూటలు మోసుకుని అడుగులేసినట్టు చివరికి పోతది, వాడేసిన పాత సరుకుని డైనీన్ వెనక్కి తెస్తది. వేగంగా పోయే మూట కూడా రోజుకి 40 సెంటీమీటర్లే, అంటే బొటనవేలికి చేరాలంటే రెండున్నర రోజులు. ఆక్సాన్ని లోపల నిలబెట్టే కొన్ని ప్రొటీన్లయితే రోజుకి ఒక మిల్లీమీటరు లెక్కన జరుగుతాయి, మీటరు పోవడానికి రెండున్నరేళ్లు దాటుతుంది!

షుగరు ఏళ్ల తరబడి ఎక్కువుంటే ఆ మోసే పని మందగిస్తది, లోపల శక్తి తయారీ దెబ్బతింటది, ఇందాక చెప్పిన సన్న రక్తనాళాలు మూసుకుపోతా వస్తాయి. ఈ ఇబ్బంది అన్ని నాడీకణాలకీ ఉన్నా ముందు ఎండేది కాలవ చివరి పొలమే గదా. పైన నీళ్లు కాస్త తగ్గితే పైమడి రైతుకి తెలియను కూడా తెలీదు, చివరాయకట్టు వాడికి మాత్రం మడి పగుళ్లిస్తది. మీ తాత పాదం చివరాయకట్టు తల్లీ.

కావలి కాలువగట్టు
మాస్టారూ, చివరాయకట్టు అన్నారు చూడండి, మా పొలం అదే. ఇంక వేరే వివరం అక్కర్లేకుండా అర్థమైంది. పాప రెండుసార్లు చదివింది.

ఫిజియో నెల్లూరు
మాస్టారు బాగా చెప్పారు, ఒక చిన్న సవరణ. పాప పుస్తకంలో బొమ్మ, అంటే ఒక పక్కన గుబురుగా డెండ్రైట్లు, మధ్యలో కణదేహం, అవతల పొడుగు ఆక్సాన్, అది కండరాన్ని కదిలించే చాలక నాడీకణం బొమ్మ. తాతకి పోయింది స్పర్శ గదా, ఆ కబురు మోసే జ్ఞాన నాడీకణం ఆకారం వేరు. దాని కణదేహం వెన్నెముక పక్కనే ఒక చిన్న ముడిలో ఉంటుంది, దాన్నుంచి ఒకటే కాడ బయటికొచ్చి టీ అక్షరంలా రెండుగా చీలుతుంది, ఒక కొమ్మ పాదం దాకా, ఇంకోటి వెన్నుపాములోకి. కణదేహం దారికి పక్కన ఇల్లు కట్టుకున్నట్టు ఉంటుంది, కబురు దాని ముందర్నించి పోతుంది. కానీ తిండి పెట్టేది ఆ ఇల్లే కాబట్టి మాస్టారు చెప్పిన లెక్క మారదు.

ఇంకొకటి, తాతకి నడక ఎట్లా ఉంది? మాటకి నేల మీద కాకుండా దూది మీద నడిచినట్టుంది అంటున్నారా? రాత్రిపూట అరికాళ్లు మంటలు ఉన్నాయా? చాలామందికి సన్న తంతువులు ముందు పోతాయి, అవి వేడి, నొప్పి మోసేవి, మయలిన్ లేనివి లేదా పల్చగా ఉన్నవి.

కావలి కాలువగట్టు
మేడమ్, రెండేళ్ల కిందట రాత్రిళ్లు మంటలని తడిగుడ్డ కప్పుకునేవాడు. తర్వాత మంట తగ్గింది, మేమంతా నయమైందని సంతోషపడ్డాం.

ఫిజియో నెల్లూరు
మంట తగ్గడం అన్నిసార్లూ నయం కావడం కాదండీ. కబురు పంపే తంతువే పోతే మంట కూడా ఆగిపోతుంది. దయచేసి ఈ వారంలోనే చూపించండి.

చీమకుర్తి నల్లరాయి
సబ్జెక్టు నాకు తెలీదు గానీ నా చెయ్యి చెప్తది. నాలుగేళ్ల కిందట క్వారీలో పలక అంచు తగిలి కుడి మణికట్టు దగ్గర నరం తెగింది (మాస్టారూ అసలు నరమే, సిర కాదు), కుట్టారు. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు చెక్క. డాక్టరు ఏమన్నాడంటే తెగిన చోటునించి ముందుకి రోజుకి ఒక మిల్లీమీటరు పెరుగుతది, వేలి చివర దాకా స్కేలు పెట్టి నువ్వే కొలుచుకో అన్నాడు. కొలిస్తే పద్దెనిమిది సెంటీమీటర్లు. ఆయన నెలనెలా అరచేతి మీద వేలితో తడతా పోయేవాడు, ఒక చోట తట్టగానే జిల్లుమని వేళ్లలోకి కరెంటు కొట్టినట్టుండేది, పెరిగే కొస అక్కడిదాకా వచ్చిందని లెక్క, ప్రతి నెలా ఆ చోటు మూడేసి సెంటీమీటర్లు ముందుకి జరుగుతా వచ్చింది.

ఏడో నెలలో ఒకరోజు మధ్యాన్నం అన్నంలో పప్పు కలుపుతా ఉన్నా. మధ్యవేలికి వేడి తగిలింది. ముద్ద అట్టానే పట్టుకుని కూర్చున్నా చాలాసేపు, నా భార్య ఏమైందని అడిగితే నోట మాట రాలా.

మరి నాది పెరిగింది గదా, ఆ పెద్దాయనది పెరగదా?

కోవూరు సైన్స్ మాస్టారు
నల్లరాయీ, నీ పోస్టు చదివి నేను కూడా కాసేపు ఆగిపోయాను.

నీకు తెగింది మోకు మధ్యలో. నిమ్మకాయ బతికే ఉంది. తెగిన చోటునించి వేలి వైపు ఉన్న ముక్క చచ్చిపోతది, తిండి ఆగింది గదా, కానీ దాని చుట్టూ చుట్టుకున్న ష్వాన్ కణాలు బతికి ఖాళీ గొట్టంలా వరసలో నిలబడి ఉంటాయి, కొత్త కొస ఆ గొట్టం పట్టుకుని దారి తప్పకుండా నడుస్తది. పాపా, నీ బొమ్మలో ఆక్సాన్ మీద గుళికల్లా వేసి మయలిన్ అని రాశావు చూడు, అది ఉత్త కొవ్వు పొర కాదు, ఆ ష్వాన్ కణమే చాప చుట్టినట్టు తన పొరనే ఆక్సాన్ చుట్టూ మళ్లీ మళ్లీ చుట్టుకుంటది. ఒక్కో గుళికా ఒక్కో కణం. మెదడు, వెన్నుపాములో మయలిన్ చుట్టేది వేరే కణాలు, ఆలిగోడెండ్రోసైట్లు, అక్కడ ఇట్టాంటి దారి చూపించే ఏర్పాటు సరిగ్గా లేదు, అందుకే వెన్నుపాము తెగితే చెయ్యి నరంలా అతకదు.

షుగర్లో కష్టమేందంటే తెగింది ఒక్కసారి కాదు, పెరగనీయని పరిస్థితి రోజూ ఉంటది. షుగరు అదుపులో పెడితే ఇంకా పాడవకుండా ఆపొచ్చు, కొంత కోలుకునేవాళ్లూ ఉన్నారు, పోయిందంతా వస్తదని నేను మాటివ్వలేను.

విడవలూరు వనామీ
మయలిన్ గురించి వచ్చింది గాబట్టి ఒకటి చెప్పాలి, నేను జువాలజీ చదివి చెరువులు చేసుకుంటా ఉన్నాను. మయలిన్ గుళికకీ గుళికకీ మధ్య చిన్న ఖాళీ ఉంటది, రాన్వియర్ కణుపు. మాస్టారి నిమ్మకాయ లెక్కలో చెప్పాలంటే మోకు మీద ఎనభై సెంటీమీటర్ల ప్లాస్టిక్ పైపు ముక్కలు తొడిగి ముక్కకీ ముక్కకీ నడుమ మిల్లీమీటరు కంటే తక్కువ సందు వదిలినట్టు. నాడీ ప్రచోదనం, అంటే కరెంటులా పోయే కబురు, పుట్టేది ఆ సందుల్లోనే, ఒక కణుపు నించి ఇంకో కణుపుకి దూకుతా పోతది. మయలిన్ ఉన్న పెద్ద తంతువుల్లో సెకనుకి 120 మీటర్ల దాకా, లేనివాటిల్లో మీటరో రెండు మీటర్లో. కాలి వేలు గడపకి కొట్టుకున్నప్పుడు ముందు చురుక్కుమని, ఒక క్షణం ఆగి సలుపు మొదలవడం అందరికీ తెలిసిందే గదా, చురుకు మయలిన్ ఉన్న దారిలో వచ్చింది, సలుపు లేని దారిలో.

ఇప్పుడు నాకు బో ఇష్టమైన సంగతి. రాత్రి చెరువులో మేత చూసే చెక్ ట్రే పైకి తీసి లైటు వేస్తే రొయ్య ఎట్టా ఎగిరి వెనక్కి కొడతదో చూసినోళ్లకి తెలుసు, రెప్పపాటు కూడా పట్టదు. పీనియస్ జాతి రొయ్యల్లో పెద్ద ఆక్సాన్ల వేగం సెకనుకి 200 మీటర్ల దాకా కొలిచారు, మన కంటే ఎక్కువ! వాటిక్కూడా మయలిన్ లాంటి తొడుగుంది, మన దాంతో సంబంధం లేకుండా విడిగా వచ్చింది.

మైపాడు వల
వనామీ అన్నా, మా వలల్లో పడే స్క్విడ్ సంగతి చెప్పకపోతే ఎట్టా? దానికి మయలిన్ లేదు, అందుకని ఆక్సాన్నే లావు చేసుకుంది, మిల్లీమీటరు దాకా మందం, కంటికి కనపడతది. మనిషిలో బాగా లావు ఆక్సాన్ కూడా దాంట్లో యాభయ్యో వంతే. అంత లావున్నా వేగం సెకనుకి పాతిక మీటర్లే. అయితే ఆ లావే మనకి చదువు చెప్పింది, హాడ్జ్‌కిన్, హక్స్లీ అనే ఇద్దరు ఆ ఆక్సాన్ లోపలికి సన్న తీగ దూర్చి కరెంటు కొలిచి ప్రచోదనం ఎట్టా పుడతదో 1952లో లెక్కలతో సహా చెప్పారు, 1963లో నోబెల్ వచ్చింది.

పాపకి అర్థమయ్యేట్టు చెప్పాలంటే, పని లేనప్పుడు ఆక్సాన్ లోపల బయటి కంటే 70 మిల్లీవోల్టులు తక్కువుంటది. బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. చెరువు నిండా నీళ్లు పెట్టుకుని తూము మూసి పెట్టినట్టు. కబురు రాగానే తూము లేస్తది, సోడియం లోపలికి ఉరుకుతది, ఆ ఊపుకి పక్క తూము లేస్తది, దాని పక్కది, అట్టా. తర్వాత పొటాషియం బయటికి పోయి మళ్లీ మామూలు అవుతది. ఈ తేడాని ఎప్పుడూ నిలబెట్టడానికి ఒక పంపు రాత్రింబవళ్లు మూడు సోడియం బయటికి తోడి రెండు పొటాషియం లోపలికి తెస్తా ఉంటది, ఏటీపీ (కణానికి శక్తినిచ్చే పదార్థం) ఖర్చు పెట్టి. ఆ ఏటీపీని 1929లో కనిపెట్టినోళ్లలో మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారని మా పిల్లలకి నేను ప్రతిసారీ చెప్తాను.

పన్ను పీకేటప్పుడు ఇచ్చే మత్తు సూది చేసేది కూడా ఈ తూముల్నే మూసెయ్యడం.

కొండపి ఆకు
మీరంతా ఆక్సాన్ దగ్గరే ఆగారు, దాని కొస దాటినాక ఏందో మా పొగాకు వాళ్లం చెప్పాల. ఒక నాడీకణం కొస ఇంకో కణం డెండ్రైటుకి తగలదు, నడుమ మిల్లీమీటర్లో లక్ష భాగాలు చేస్తే రెండు మూడు భాగాలంత సందుంటది, సినాప్స్. కరెంటు అక్కడ ఆగి మందు రూపంలో దాటతది, కొస దగ్గర చిన్న సంచుల్లో ఉన్న ఏసిటైల్ కొలీన్ లాంటి రసాయనం ఆ సందులోకి పడి అవతల తాళంలో తాళంచెవిలా కూర్చుంటది. ఆటో లోవి అనే ఆయన 1921లో రెండు కప్ప గుండెలతో దీన్ని రుజువు చేశాడు, ఒక గుండెకి పోయే నాడిని కదిలించి దాన్ని నెమ్మది చేసి, ఆ గుండె నానిన ద్రవం తీసి రెండోదాని మీద పోస్తే అదీ నెమ్మదించింది.

ఆ తాళంలో మా ఆకులో ఉండే నికోటిన్ కూడా పడతది, ఏసిటైల్ కొలీన్ కాకపోయినా. నాకు పద్నాలుగేళ్లప్పుడు తెల్లారుజామున మంచుకి తడిసిన ఆకు కోసి చంకన పెట్టుకుని మోశాను, చొక్కా మొత్తం తడిసి ఒంటికి అతుక్కుంది. తొమ్మిది గంటలకల్లా కళ్లు తిరిగి వాంతులు, పొగాకు ఆరబెట్టే బ్యారన్ నీడన పడుకోబెట్టారు, మా అమ్మ దిష్టి అనుకుంది. చర్మంలోంచి నికోటిన్ ఎక్కింది, అంతే. అందుకే చెప్తున్నా, పిల్లల్ని తడాకు కోతకి పంపొద్దు, పెద్దోళ్లయినా పొడి చొక్కా మార్చుకోండి.

పురుగుమందుల సంగతి కూడా ఇక్కడిదే. పనైపోయాక ఆ ఏసిటైల్ కొలీన్‌ని విరగ్గొట్టి సందు ఊడ్చే ఎంజైము ఒకటుంటది, ఆర్గానోఫాస్ఫేట్ మందులు దాన్ని పట్టేస్తాయి. ఇంక తాళంచెవి ఊడదు. నోట్లో ఉమ్మి ఊరతా, కళ్లలో నీళ్లు కారతా, కంటిపాప సూదిమొనంత అయిపోయి, చివరికి ఊపిరి అందదు. గాలికి ఎదురు నిలబడి స్ప్రే చేసేవాళ్లని చూస్తే నాకు కడుపులో తిప్పుతది.

పొదలకూరు నిమ్మతోట
మా నిమ్మకాయతో ఇన్ని చెప్పారు, సంతోషం. ఒక డౌటు. డెండ్రైట్లు అన్ని కొమ్మలు ఎందుకు, ఒకటి చాలదా?

కోవూరు సైన్స్ మాస్టారు
చాలదు తమ్ముడూ. ఒక్కో కణం మీద వేలకొద్దీ సినాప్సులు ఉంటాయి. కొన్ని "కొట్టు" అంటాయి, కొన్ని "ఆగు" అంటాయి. అన్నీ కణదేహానికి చేరి, ఆక్సాన్ మొదలయ్యే చోట కూడిక జరుగుతది, మొత్తం హద్దు దాటితే ప్రచోదనం పూర్తిగా పోతది, దాటకపోతే అసలే పోదు, సగం కబురు లేదు. ఊళ్లో పంచాయితీలో అందరి మాటా విని ఒకటే తీర్పు చెప్పినట్టు. ఆ కొమ్మల్ని మొదట చక్కగా కనపడేట్టు చేసింది ఇటలీ ఆయన గోల్జీ, 1873లో, వెండి లవణంతో రంగెక్కించి. వెయ్యి కణాల్లో ఏ కొద్దివాటికో మాత్రమే రంగు పట్టేది, అదే మేలైంది, అన్నీ పట్టుంటే చిక్కుపడ్డ వలలా ఏమీ తెలిసేది కాదు. ఆ రంగుతోనే స్పెయిన్ ఆయన కహాల్ చూసి ఇవి దేనికది విడి కణాలు అన్నాడు, గోల్జీ ఒప్పుకోలా, అంతా కలిసిన వలే అన్నాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు, గోల్జీ ఆ వేదిక మీద కూడా తన మాటే మాట్లాడాడు. నెగ్గింది కహాల్.

కావలి కాలువగట్టు
నిన్న నాయన్ని నెల్లూరు తీసుకుపోయి చూపించాను. ముల్లు చోట చీము కొంచెం ఉంటే శుభ్రం చేసి మందు రాశారు. తర్వాత డాక్టరమ్మ నైలాను దారం లాంటిది అరికాలి మీద వంగేదాకా ఆనించి "తగిలిందా?" అంటా పోయింది, నాయన కళ్లు మూసుకుని పది చోట్లలో మూడిటికే అవుననాడు. ఇంకోటి, ఇనప శృతిదండం మోగించి బొటనవేలి ఎముక మీద పెట్టింది. నాయన "పెట్టావా అమ్మా?" అని అడిగాడు. మోకాలి దగ్గర పెడితే "ఆ, గుయ్‌మంటా ఉంది" అన్నాడు. పాప నా పక్కనే నిలబడి చూస్తా ఉంది.

మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర చాన్నాళ్లుగా వేసుకుంటా ఉన్నాడు గాబట్టి బీ12 కూడా చూడాలని రక్తం తీశారు, ఆ విటమిను తగ్గితే మయలిన్ దెబ్బతింటదంట.

వచ్చేటప్పుడు బస్సులో పాప అడిగింది, పాదం నించి మోకాలి దాకా పాకితే తర్వాత యాడికి పోతది అని.

ఫిజియో నెల్లూరు
పాపా, మంచి ప్రశ్న. ఒక తాడు తీసుకుని అమ్మ సాయంతో నడుం నించి నీ మోకాలి కింద దాకా కొలువు. ఆ పొడవే మెడ నించి చేతివేళ్ల చివరికి పెట్టి చూడు. దగ్గర దగ్గర సరిపోతుంది. అందుకే మొద్దు మోకాలికి ఎక్కే వేళకి వేళ్ల చివర్లలో కూడా మొదలవుతుంది, డాక్టర్లు మేజోళ్లు, చేతితొడుగులు వేసుకున్న ఆకారం అంటారు. మీ తాతకి అక్కడిదాకా రాకుండా చూసుకోవాలి. రోజూ రాత్రి అరికాళ్లు అద్దంలో చూపించు. కాళ్లు కడిగే వేడి నీళ్లని తాత కాలితో కాదు, నువ్వు మోచేత్తో చూడు. వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనండి, ఊడిపోవు.

చీమకుర్తి నల్లరాయి
చెప్పులు వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి చూడమను పాపా. రాయి ఉన్నా ఆయనకి తెలీదు.

కావలి కాలువగట్టు
పట్టీ చెప్పులు కొన్నాం. పాప బొమ్మ మళ్లీ వేసింది, ఈసారి కణదేహం నిమ్మకాయంత వేసి ఆక్సాన్ని పేజీ దాటించి పాత క్యాలెండర్ల వెనకవైపు అతికిస్తా పోయింది, నట్టింట్లో మొదలై వరండా దాటి మెట్ల దాకా వచ్చింది, 800 మీటర్లకి కాగితాలు చాల్లేదు. చివర్న తాత పాదం పెట్టించి పెన్సిలుతో చుట్టూ గీసింది. నాయన కాలు కదపకుండా నిలబడ్డాడు, పెన్సిలు చిన్నవేలికి తగిలినప్పుడు "ఇక్కడ కొంచెం తెలస్తా ఉంది రా" అన్నాడు. పాప అక్కడ ఎర్ర పెన్నుతో చుక్క పెట్టింది.